గోదావరి, కోనసీమ, రాయలసీమ: కొత్త డొమైన్ నియమాల్లో ఈ పేర్లకు రక్షణ ఉందా?

కోనసీమవాసి (ప్రశ్న):

ఇంటర్నెట్ చిరునామా చివర ఉండే డాట్ కామ్, డాట్ ఇన్ వంటి భాగాలను టాప్ లెవెల్ డొమైన్లు అంటారు. వీటి వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ 2012లో పెద్ద ఎత్తున కొత్త పేర్లకు దరఖాస్తులు పిలిచింది. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ 2026 ఏప్రిల్ 30 నుంచి ఆగస్టు 12 వరకు గడువు ప్రకటించింది. ఒక్కో దరఖాస్తుకు రుసుము 2,27,000 డాలర్లు, అంటే దాదాపు రెండు కోట్ల రూపాయలు. మామూలు మనిషికి అందని మొత్తమే అయినా పెద్ద వ్యాపార సంస్థకు ఇది భారమేమీ కాదు.

మా ప్రాంతపు చరిత్రను, ఊరి పేర్లను సేకరించే పనిలో ఉన్న కొద్దిమందిలో నేనూ ఒకణ్ణి. గోదావరి, కృష్ణ, కోనసీమ, రాయలసీమ, పల్నాడు, నల్లమల వంటి పేర్లలో దేన్నైనా, ఆ నేలతో ఏ సంబంధమూ లేని సంస్థ తన వ్యాపార చిహ్నంగా డొమైన్ చివర పెట్టుకోవడానికి దరఖాస్తు చేస్తే, ఐకాన్ నియమాలు దాన్ని ఆపుతాయా? అమెజాన్ పేరు కోసం దక్షిణ అమెరికా దేశాలు ఏళ్ల తరబడి పోరాడినా చివరికి అది కంపెనీకే దక్కిందని చదివాను. ఎనిమిది దేశాలు కలిసి ఆపలేనిదాన్ని మన జిల్లాల ప్రజలు ఆపగలరా అన్న దిగులుతోనే అడుగుతున్నాను. ఏ పేర్లకు రక్షణ ఉంది, ఏ పేర్లకు లేదు, ఆ గీత ఎక్కడ గీశారు అన్నది తెలిసినవారు దయచేసి వివరించండి.

విధానపాఠకురాలు:

కోనసీమవాసి గారికి నమస్కారం. సూటిగా చెప్పాలంటే రాష్ట్రాల పేర్లకు రక్షణ ఉంది. నదులకు, కొండలకు, ప్రజల వాడుకలో మాత్రమే ఉన్న ప్రాంతాల పేర్లకు లేదు. ఈ గీత ఎలా వచ్చిందో తెలిస్తేనే అమెజాన్ వివాదం ఎందుకు అన్నేళ్లు సాగిందో అర్థమవుతుంది.

ఐకాన్‌లో వివిధ దేశాల ప్రభుత్వాలకు ఒక సలహా సంఘం ఉంది. దేశాల పేర్లతో పాటు స్థలాల పేర్లను, ప్రాంతీయ భాషల పేర్లను, ప్రజాసమూహాల పేర్లను కూడా సంబంధిత ప్రభుత్వాల అంగీకారం లేకుండా ఎవరికీ ఇవ్వకూడదని 2007 మార్చిలోనే ఆ సంఘం కోరింది. అయితే దరఖాస్తును పరిశీలించేవారికి ఏది స్థలం పేరో తేల్చుకోవడానికి చేతిలో ఒక జాబితా ఉండాలి. అందువల్ల 2012 నాటి దరఖాస్తుదారుల మార్గదర్శినిలో ఆ విశాలమైన కోరిక కొన్ని అంతర్జాతీయ జాబితాల మేరకు కుదించుకుపోయింది. దేశాల పేర్లు ఏ భాషలో రాసినా ఎవరికీ ఇవ్వరు. దేశ రాజధాని పేరు ఏ భాషలో రాసినా ఆ దేశ ప్రభుత్వం నుంచి మద్దతు లేఖ గానీ, అభ్యంతరం లేదన్న లేఖ గానీ తేవాలి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ తయారుచేసిన 3166-2 అనే జాబితాలోని రాష్ట్రాలు, ప్రావిన్సుల పేర్లకూ లేఖ తప్పనిసరి, కానీ దరఖాస్తులోని పేరు జాబితాలోని పేరుతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. ఖండాల వంటి పెద్ద ప్రాంతాల పేర్లకు అక్కడి ప్రభుత్వాల్లో కనీసం 60 శాతం మద్దతు కావాలి. రాజధాని కాని నగరం విషయంలో మాత్రం, ఆ పేరును ఆ నగరానికి సంబంధించిన పనులకు వాడతానని దరఖాస్తుదారు చెబితేనే లేఖ అడుగుతారు. తన బ్రాండుగా వాడుకుంటానంటే అడగరు.

ఇప్పుడు అమెజాన్ సంగతి చూడండి. బ్రెజిల్, పెరూ, కొలంబియా, వెనిజులా దేశాల్లో ‘అమెజోనాస్’ అనే రాష్ట్రాలో, విభాగాలో ఉన్నాయి, అవి జాబితాలోనూ ఉన్నాయి. కంపెనీ అడిగింది ‘అమెజాన్’. ఆ పేరు ఏ జాబితాలోనూ లేదు. అంత పెద్ద నది, అంత పెద్ద అడవి, ఎనిమిది దేశాల సహకార ఒప్పందం ఆ పేరు మీదే ఉన్నా, పరిశీలకుల దృష్టిలో అది భౌగోళిక నామం కాలేకపోయింది.

నియమాల ప్రకారం దారి లేకపోవడంతో ఆ దేశాలు రాజకీయ మార్గం పట్టాయి. 2012 నవంబరులో బ్రెజిల్, పెరూ ముందస్తు హెచ్చరిక (దరఖాస్తు మీద తమకు ఆందోళన ఉందని ప్రభుత్వాలు తెలిపే నోటీసు) జారీ చేశాయి. 2013 జులైలో డర్బన్ సమావేశంలో ప్రభుత్వాల సలహా సంఘం ఏకాభిప్రాయంతో ఆ దరఖాస్తును ఆపమని సలహా ఇచ్చింది. సార్వభౌమాధికారం పేరుతో పదాలపై అభ్యంతరం చెప్పడాన్ని ఒప్పుకోబోమంటూనే అమెరికా తటస్థంగా ఉండిపోవడం వల్లనే ఆ ఏకాభిప్రాయం సాధ్యమైంది. 2014 మేలో ఐకాన్ బోర్డు దరఖాస్తును తిరస్కరించింది. కంపెనీ స్వతంత్ర సమీక్షకు వెళ్లింది. 2017 జులైలో ఆ ప్యానెల్ మెజారిటీ తీర్పు కంపెనీ వైపు వచ్చింది. ప్రభుత్వాలు సలహా ఇచ్చినంత మాత్రాన బోర్డు తన స్వంత విచక్షణను పక్కన పెట్టకూడదని, ఆ సలహాకు సరైన ప్రజాప్రయోజన కారణాలు ఉన్నాయో లేదో తానే చూసి ఉండాల్సిందని ఆ తీర్పు సారాంశం. 2019 మేలో బోర్డు ఆ దరఖాస్తు ముందుకు సాగడానికి అనుమతించింది.

నా అభిప్రాయంలో ఆ దేశాల ఓటమికి కారణం వాటి వాదన బలహీనమైనది కావడం కాదు. 2012కు ముందు నియమాలు రాస్తున్నప్పుడు నదుల పేర్లు, అడవుల పేర్లు జాబితాలో చేరేలా చూడలేకపోయారు, తర్వాత అభ్యంతరం చెప్పినప్పుడు కారణాలను కాగితం మీద పెట్టలేదు. అదే సమయంలో అర్జెంటీనా, చిలీల్లోని ప్రాంతమైన పటగోనియా పేరుకు దరఖాస్తు చేసిన దుస్తుల కంపెనీ, అర్జెంటీనా, చిలీ అభ్యంతరాల తర్వాత, 2013 జులైలో తనంతట తానే వెనక్కి తగ్గింది. దరఖాస్తుదారు తగ్గితే ప్రభుత్వం గెలుస్తుంది, తగ్గకపోతే నియమమే మాట్లాడుతుంది.

ఈ లోపాన్ని సరిచేయడానికి 2017లో వర్క్ ట్రాక్ 5 అనే బృందం మొదలైంది. ప్రభుత్వాలు, వ్యాపార సంస్థలు, డాట్ ఇన్ వంటి దేశాల కోడ్ల నిర్వాహకులు, సాధారణ వినియోగదారుల ప్రతినిధులు అందులో కలిసి దాదాపు రెండేళ్లు చర్చించారు. నదులు, పర్వతాలు, భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న పేర్లను రక్షించే కొత్త వర్గం గురించి ప్రతిపాదనలు వచ్చాయి. వేటిమీదా ఏకాభిప్రాయం కుదరలేదు. కొత్త విడతకు కూడా సారాంశంలో పాత ఏర్పాటే కొనసాగింది.

న్యాయశాస్త్ర విద్యార్థి:

పై వివరణ చాలా ఉపయోగకరంగా ఉంది. అయితే జాబితాను పెంచుతూ పోతే సమస్య తీరుతుందన్న ధోరణితో నేను ఏకీభవించలేను.

మొదట ఆ జాబితా ఎలా పనిచేస్తుందో మన దేశపు ఉదాహరణతోనే చూద్దాం. టాటా సంస్థ తన పేరు మీద డొమైన్‌కు దరఖాస్తు చేసుకుంది. మొరాకోలో టాటా అనే ప్రావిన్సు ఉంది, అది ఐఎస్ఓ జాబితాలో ఉంది. ఆ ప్రావిన్సుతో ఏ పోలికా, ఏ పోటీ లేని భారతీయ సంస్థ, వందేళ్లకు పైబడిన తన ఇంటిపేరును వాడుకోవడానికి మొరాకో ప్రభుత్వం ఇచ్చే లేఖ కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. నది పేర్లు కూడా చేరిస్తే ఇలాంటివి ఎన్ని వస్తాయో ఊహించండి. కృష్ణ అన్నది నది, జిల్లా, దేవుడు, కోట్లాది మనుషుల పేరు. ఆ పేరుతో ఒక సాంస్కృతిక సంస్థ డొమైన్ అడిగితే నది ప్రవహించే రాష్ట్రాలన్నిటి నుంచీ లేఖలు తేవాలా?

రెండోది, ప్రభుత్వాలకు వీటో ఇస్తే అది ప్రజల పక్షానే వాడబడుతుందన్న హామీ లేదు. డాట్ పర్షియన్‌గల్ఫ్ దరఖాస్తు మీద గల్ఫ్ సహకార మండలి దేశాలు అభ్యంతరం చెప్పాయి. ఆ సముద్రాన్ని ఏ పేరుతో పిలవాలన్నదే అక్కడ ఇరాన్‌కూ అరబ్ దేశాలకూ మధ్య తగువు. డొమైన్ విధానం ఆ తగువు తీర్చే చోటు కాదు, అయినా దాని మెడకే చుట్టుకుంది. హైదరాబాదునే తీసుకోండి. ఒకటి మన దగ్గర, ఒకటి పాకిస్తాన్‌లోని సింధ్‌లో. సంబంధిత ప్రభుత్వాలు ఒకటి కంటే ఎక్కువ ఉంటే అన్నిటి లేఖలూ తేవాలని మార్గదర్శిని చెబుతుంది. నగరాల పేర్లన్నిటికీ షరతు లేని రక్షణ ఇస్తే మన హైదరాబాదు ప్రజలు తమ నగరం పేరుతో డొమైన్ పెట్టుకోవడానికి కూడా ఆ నియమమే అడ్డుపడుతుంది.

మూడోది చట్టపరమైన ప్రశ్న. ఊరి పేరు మీద ప్రభుత్వానికి యాజమాన్య హక్కు ఉందని చెప్పే అంతర్జాతీయ చట్టం నాకు కనిపించలేదు. బార్సిలోనా డాట్ కామ్ కేసు దీనికి మంచి ఉదాహరణ. 2000లో డొమైన్ వివాదాల ప్యానెల్ ఆ చిరునామాను బార్సిలోనా నగర మండలికి అప్పగించమంది. 2003లో అమెరికాలోని ఫోర్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ ఫలితాన్ని తిరగరాసింది. అమెరికా చట్టం ప్రకారం ఒక ఊరిని సూచించే మామూలు పేరు మీద ట్రేడ్‌మార్క్ హక్కు ఉండదని ఆ తీర్పు చెప్పింది. ట్రేడ్‌మార్క్ కోసం కంపెనీ గుత్తాధిపత్యం తప్పయితే, ప్రభుత్వపు గుత్తాధిపత్యం ఎలా ఒప్పవుతుంది?

కాబట్టి పేరు ఎవరిది అన్న ప్రశ్న కంటే ఆ పేరుతో ఏం చేస్తున్నారు అన్న ప్రశ్న మీద నియమాలు ఉండాలని నా వాదన. ఆ ఊరి తరఫున మాట్లాడుతున్నట్టు, అక్కడి సరుకు అమ్ముతున్నట్టు జనాన్ని నమ్మించి మోసం చేసేవాణ్ణి ఆపాలి. అంతకు మించి పదాలను తాళం వేసి ఉంచడం వల్ల ఎవరికీ మేలు లేదు.

కోనసీమవాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. విద్యార్థి గారి మాటలో నిజం ఉంది కానీ ఒక్క విషయం మాత్రం నాకు మింగుడు పడటం లేదు. డాట్ కామ్ ముందు ఒక పేరును ఒకరు తీసుకుంటే, దానికి మరో పదం కలిపి ఇంకొకరు తీసుకోవచ్చు, వేరే డొమైన్ కింద అదే పేరు వాడుకోవచ్చు. చిరునామా చివరి భాగం అలా కాదు. ప్రపంచం మొత్తానికీ డాట్ గోదావరి ఒక్కటే ఉంటుంది. దాని కింద ఎవరికి చోటు ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తేల్చేది దాన్ని దక్కించుకున్న సంస్థే. బ్రాండు డొమైన్ అయితే బయటివారికి అసలు చోటే ఉండదు. ఆ తేడా వల్లనే నాకు ఆందోళన.

ఇంకొక సందేహం. ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పేర్ల గురించేనా? తెలుగు లిపిలో పేర్లకు దరఖాస్తు చేస్తే ఇవే నియమాలు వర్తిస్తాయా?

లిపిమిత్రుడు:

తెలుగు లిపి గురించి అడిగారు కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. ఇక్కడ పరిస్థితి కాస్త విచిత్రంగా ఉంది.

దేశం పేరుకు, దేశ రాజధాని పేరుకు రక్షణ అన్ని భాషల్లోనూ ఉంది. అంటే తెలుగు అక్షరాల్లో ‘న్యూఢిల్లీ’ అని అడిగినా కేంద్ర ప్రభుత్వపు లేఖ తేవాల్సిందే. రాష్ట్రాల దగ్గరకు వచ్చేసరికి రక్షణ జాబితాలోని పేరుతో అక్షరాలా సరిపోవడం మీద ఆధారపడి ఉంది. ఆ జాబితాలో మన రాష్ట్రాల పేర్లు రోమన్ అక్షరాల్లో ఉన్నాయి. నియమాన్ని ఉన్నది ఉన్నట్టు చదివితే, రోమన్ లిపిలో ‘తెలంగాణ’కు రక్షణ ఉంది, ఆ రాష్ట్ర ప్రజలు రోజూ రాసుకునే తెలుగు లిపిలో ఉన్న ‘తెలంగాణ’కు దానంతట అదిగా లేదు. ‘ఆంధ్ర’ అని మాత్రమే అడిగితే అది ఏ లిపిలోనూ జాబితాలోని పేరుతో సరిపోదు.

జాబితా మీదే ఆధారపడటంలో ఇంకో చిక్కు ఉంది. జాబితా ఆనాటి రాజకీయ పటాన్ని మాత్రమే చూపుతుంది. 2012లో దరఖాస్తులు తీసుకున్న నాటికి తెలంగాణ రాష్ట్రం ఏర్పడలేదు, అది 2014 జూన్ 2న ఏర్పడింది. దశాబ్దాల ఉద్యమం నడిచిన పేరు, శతాబ్దాల వాడుక ఉన్న పేరు, ఆ విడతలో ఎవరైనా అడిగి ఉంటే రాష్ట్రం పేరుగా రక్షణ పొందేది కాదు. రాయలసీమ పరిస్థితి నేటికీ అదే. పాలనా విభాగం కాని ప్రతి ప్రాంతానిదీ ఇదే గతి. ప్రజలు తమ నేలను పిలుచుకునే పేరుకు విలువ, ప్రభుత్వం దాన్ని సరిహద్దు గీసి గుర్తించిన తర్వాతే రావడం సరైనది కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ విషయంలో విద్యార్థి గారితో నాకు భేదాభిప్రాయం ఉంది.

తెలుగు లిపి టాప్ లెవెల్ డొమైన్‌గా ఇప్పటికే వాడుకలో ఉంది. డాట్ భారత్ తెలుగు అక్షరాల్లో 2011లోనే మంజూరైంది, దాన్ని డాట్ ఇన్‌ను కూడా చూసుకునే నిక్సీ సంస్థ నిర్వహిస్తోంది. అయితే అది దేశాల కోడ్ల దారిలో వచ్చింది కాబట్టి దాని కింద ఇచ్చే పేర్ల మీద అధికారం మన దేశపు విధానానిదే, ఐకాన్ కొత్త విడత నియమాలకు అక్కడ పని లేదు. కొత్త విడతలో తెలుగు పేరు అడిగేవారు 2019లో రూట్ జోన్‌కు (టాప్ లెవెల్ డొమైన్లన్నీ నమోదయ్యే మూల జాబితాకు) ఆమోదించిన తెలుగు లిపి నియమాలకు లోబడాలి. బ్రాహ్మీ నుంచి వచ్చిన తొమ్మిది లిపులకు కలిపి ఒకే నిపుణుల బృందం వాటిని తయారుచేసింది. తెలుగు, కన్నడ లిపుల్లో ఒకేలా కనిపించే అక్షరాలు ఉన్నాయి కాబట్టి ఒక పేరు మొత్తం అలాంటి అక్షరాలతోనే ఉంటే, దాని తెలుగు రూపం, కన్నడ రూపం రెండూ ఒకే జంట కింద లెక్క. వేర్వేరు సంస్థలకు ఇవ్వరు. మోసాన్ని నివారించడానికి ఇది అవసరమైన ఏర్పాటే. కానీ కృష్ణ, తుంగభద్ర లాంటి నదులు రెండు భాషల ప్రజలవీ. నది పేరు గానీ, రెండు భాషల్లోనూ వాడుకలో ఉన్న ఊరి పేరు గానీ ఆ కోవలోకి వస్తే, ఒక లిపిలో దక్కించుకున్న సంస్థ వల్ల రెండో భాషవారికీ తలుపు మూసుకుపోతుంది. నదుల పేర్ల గురించి ఆలోచించేటప్పుడు కర్ణాటకలోని మిత్రులను కూడా కలుపుకోవడం మంచిది.

విధానపాఠకురాలు:

విద్యార్థి గారి అభ్యంతరానికి సమాధానం చెప్పి, ఆ తర్వాత కోనసీమవాసి గారు అసలు అడిగిన, అంటే ఆపగలమా అన్న ప్రశ్నకు వస్తాను.

టాటా ఉదాహరణ జాబితా మొరటుగా పనిచేస్తుందని చూపుతుంది, నిజమే. డాట్ టాటా చివరికి రానేలేదు. కానీ అమెజాన్ విషయంలో ఆ దేశాలతో సంప్రదింపు దరఖాస్తుకు ముందే తప్పనిసరి అయి ఉంటే ఏడేళ్ల వివాదం ఉండేది కాదు. నేను కోరేది వీటో కాదు. దరఖాస్తు వేసేముందు ఆ నేల మీద ఉన్నవారితో మాట్లాడాలన్న నిబంధన మాత్రమే కోరుతున్నాను. వర్క్ ట్రాక్ 5 చర్చల్లో ఈ మధ్యేమార్గం కూడా వచ్చింది, దానికీ తగినంత మద్దతు దొరకలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించిన ఫలితం అదే.

పేరు వాడకం మీద షరతులు ఉండాలన్న విద్యార్థి గారి మాటను మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను, ఎందుకంటే అమెజాన్ వివాదం చివరికి ఆగింది అక్కడే. ఆ దేశాలకు సాంస్కృతికంగా ముఖ్యమైన 1,500 వరకు పేర్లను తన డొమైన్ కింద వాడకుండా పక్కన పెడతానని, ఎనిమిది దేశాలకూ, వాటి ఒప్పంద సంస్థకూ కలిపి వ్యాపారేతర అవసరాలకు తొమ్మిది వరకు చిరునామాలు ఇస్తానని కంపెనీ ప్రతిపాదించింది. ఆ దేశాలకు అది తృప్తినివ్వలేదు, అవి ఉమ్మడి నిర్వహణ కోరాయి. అయినా ఏమీ లేనిచోట అంతమాత్రం దక్కిందంటే అన్నేళ్లు అభ్యంతరం చెబుతూ ఉండటం వల్లనే. మరోవైపు న్యూయార్క్ తన డాట్ ఎన్‌వైసీని ఆ నగరంలో చిరునామా ఉన్నవారికే పరిమితం చేసింది. పేరు ఆ నేల మీది జనానికే ఉపయోగపడేలా నియమం రాసుకోవచ్చనడానికి అది నిదర్శనం.

ఇక మన చేతిలో ఉన్నవి. గడువు ముగిసి, ప్రాథమిక పరిశీలన జరిగాక ఐకాన్ దరఖాస్తుల జాబితాను బహిరంగపరుస్తుంది. 2012లో 1,930 దరఖాస్తుల పేర్లు ఒకే రోజు, జూన్ 13న బయటపెట్టారు. ఆ తర్వాత ప్రజల వ్యాఖ్యలకు, ప్రభుత్వాల ముందస్తు హెచ్చరికలకు పరిమితమైన గడువు ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వాలకు సలహా సంఘంలో నేరుగా స్థానం లేదు. మన దేశం తరఫున కూర్చునేది కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ. ఆ శాఖ ఈ మార్గం వాడని సంస్థేమీ కాదు. 2012 విడతలో డాట్ రామ్, డాట్ ఇండియన్స్ దరఖాస్తుల మీద భారత ప్రభుత్వం ఆందోళన తెలిపింది, డర్బన్ ప్రకటనలో అది నమోదైంది. ఒక ప్రజాసమూహంతో గట్టి సంబంధం ఉన్న సంస్థ స్వయంగా సామూహిక అభ్యంతరం వేసే వీలు కూడా ఉంది కానీ అది రుసుముతో, న్యాయపరమైన వాదనతో కూడిన పని.

కాబట్టి జాబితా వచ్చాక పరుగులు పెట్టడం కంటే మీ బృందం ఇప్పుడే ఒక పత్రం తయారుచేసుకోవడం మంచిది. ఆ పేరు ఎంతకాలంగా, ఏ హద్దుల మేరకు వాడుకలో ఉంది, శాసనాల్లో, గెజిటీర్లలో, పాలనా పత్రాల్లో ఎక్కడ కనిపిస్తుంది, ఆ పేరుతో ఏ ఉత్పత్తులు, ఏ జీవనోపాధులు ముడిపడి ఉన్నాయి, బయటి సంస్థకు పోతే కలిగే నష్టమేమిటి అన్నవి అందులో ఉండాలి. 2017 తీర్పు ప్రభుత్వాల నుంచి కోరింది సరిగ్గా అలాంటి కారణాలనే. పోచంపల్లి ఇక్కత్‌కూ, తిరుపతి లడ్డూకూ భౌగోళిక గుర్తింపు ఉంది, కాబట్టి ఆ పత్రాలు ప్రభుత్వం దగ్గర సిద్ధంగా ఉన్నాయి. గోదావరికీ, నల్లమలకూ, రాయలసీమకూ అలాంటి పత్రం ఎవరో ఒకరు రాయాలి. ఊరి పేర్లు సేకరిస్తున్నామన్నారు కాబట్టి ఆ సమాచారంలో సగం మీ దగ్గరే ఉండి ఉంటుంది. దాన్ని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ సిద్ధం చేసి, రెండు రాష్ట్రాల ఐటీ శాఖలకూ, కేంద్ర మంత్రిత్వ శాఖకూ ముందుగానే పంపండి. ముసాయిదా ఇక్కడ పెడితే నియమాల పరంగా నేను, లిపి పరంగా లిపిమిత్రుడు గారు చూసి పెడతాం. చట్టపరమైన బలహీనతలను విద్యార్థి గారు ఎత్తి చూపితే ఇంకా మేలు.